ఒక మాటకు ఒకే చోటు

చవుటకుంట దర్గాలో నబిరసూల్‌కు జనం మీద కోపం. ఫలానా వాళ్ళ మీద అని కాదు, వచ్చి అడిగే ప్రతి ఒక్కరి మీదా. ఎందుకంటే వాళ్ళకు అడగడం రాదు.

దర్గా గురువు పీరప్ప తాత దగ్గర శిష్యుడిగా చేరకముందు నబిరసూల్ తాలూకా కచేరీలో రికార్డు గది చూసేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ గదిలో కాగితం పోయిందన్న మాట ఎవరి నోటా రాలేదు. దొరికిందన్న మాట కూడా పెద్దగా రాలేదు కానీ, దాన్ని ఆయన పట్టించుకోలేదు. "ఒక కాగితానికి ఒకే చోటు" అనేవాడు. ఉద్యోగం దిగి దర్గాకు వచ్చేటప్పుడు సంచిలో రెండు లుంగీలు, తలకాయలో ఆ మాట తెచ్చుకున్నాడు.

నిరుడు తాతకు గొంతులో గడ్డ లేచింది. పట్నంలో కోసి తీసేశారు. గడ్డతో పాటు గొంతూ పోయింది. ఇప్పుడు తాత నోరు తెరిస్తే గాలి వస్తుంది. దగ్గరికి వంగి చెవి పెడితే ఆ గాలిలో ఒకటి రెండు మాటలు వినబడతాయి. అవి కూడా వద్దన్నాడు డాక్టరు. రాసి చూపించమందామంటే తాతకు రాత రాదు.

అయినా జనం రావడం మానలేదు. తాత పాత మాటలు ఉన్నాయి కదా. దర్గాలో వంట చూసే కాశింబీకి పెండ్లిలో ఒక టేప్‌రికార్డరు పెట్టారు. మొగుడు ఎటో పోయాడు, టేప్‌రికార్డరు మిగిలింది. ఎవరైనా తాత దగ్గరకొచ్చి కష్టం చెప్పుకుంటే ఆమె దాని మీట నొక్కేది. తరువాత ఫోన్లు వచ్చాయి, అందరూ నొక్కారు. క్యాసెట్ల మీద కాగితం అంటించి, తోచింది రాసేది కాశింబీ. పక్కనున్న వాళ్ళూ తమకు తోచింది చెప్పి రాయించేవారు. "పప్పు మాడిన దినం." "తాత నవ్వినాడు." "పోలీసాయన ఏడ్చినాడు." ఒకదాని మీద "మళ్ళీ అదే" అని కూడా ఉండేది.

ఒక భక్తుడు లాప్‌టాప్ కొనిచ్చి, ఆ క్యాసెట్లూ ఫోన్లలో ఉన్నవీ అన్నీ అందులోకి ఎక్కించి, పేర్లు ఉన్నవి ఉన్నట్టుగా కొట్టించి పంపాడు. అది తెరిచి చూసిన రోజు నబిరసూల్ మధ్యాహ్నం కూడు తినలేదు.

"మహానుభావుడి వాక్కుకు 'పప్పు మాడిన దినం' అని పేరా? థూ!" అన్నాడు.

"మాడింది నిజమే గదప్పా" అంది కాశింబీ.

ఆ కోపం మీదే సర్దడం మొదలుపెట్టాడు. దైవం, మనిషి, సంసారం, లోకం అని నాలుగు ఫోల్డర్లు. సంసారంలో మళ్ళీ ఆస్తి, ఆలుమగలు, పిల్లలు, చుట్టాలు. ఆస్తిలో మళ్ళీ పంపకాలు, గట్లు, అప్పులు. దాని లోపల ఇంకొకటి, దాని లోపల ఇంకొకటి. పాత పేర్లన్నీ తుడిచేసి అంకెలు వేశాడు. కాశింబీ కొన్నింటిని రెండు మూడు చోట్ల పెట్టించి ఉంది. అత్తాకోడళ్ళ తగాదాలో తాత దేవుడి గురించి చెప్పాడు కాబట్టి అటూ ఉండాలి, ఇటూ ఉండాలి అని ఆమె వాదం.

"మూడు చోట్ల ఉండేది మాట కాదు, పుకారు" అని చెప్పి నబిరసూల్ ఒకటి ఉంచి మిగతావి చెరిపేశాడు. ఒక మాటకు ఒకే చోటు. అంతా అయ్యాక ఆ లాప్‌టాప్‌ను కొత్త అల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకుని, మీద ఆకుపచ్చ గుడ్డ కప్పాడు.

ఆ మరుసటి రోజు నుంచే కష్టాలు.

మొదట తలారి నరసప్ప వచ్చాడు. "రసూలన్నా, తాత నవ్విండేది ఒకటుండాది, అది పెట్టన్నా."

"ఏ విషయం?"

"నవ్వినాడన్నా."

"నవ్వు విషయం కాదు నరసప్పా. దేని గురించి చెప్తా నవ్వినాడు?"

నరసప్ప చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించడం ఊరికి పెద్ద విశేషమే. "తెలీదన్నా. నవ్వినాడని ఒకటే గుర్తు. నా కొడుకు చచ్చిపోయిన నెలలో విన్న్యా. ఆ నవ్వు వినే నేను మళ్ళీ అన్నం తిన్న్యా."

"విషయం తెలుసుకుని రా, పో" అన్నాడు నబిరసూల్. నరసప్ప వెళ్ళిపోయాడు. మళ్ళీ అడగలేదు.

తరువాత వచ్చినావిడ "చానా సేపు దగ్గినాడు చూడు, అది" అంది. ఇంకొకడు "మా ఎద్దు తప్పిపోయిండేటప్పుడు చెప్పింది" అన్నాడు. ఎద్దు గురించి చెప్పాడా అంటే కాదు, రోజా ఉపవాసం గురించి చెప్పాడట. తప్పిపోయింది మాత్రం ఎద్దు. నబిరసూల్ అందరినీ కసిరి పంపాడు. దర్గాకు వచ్చేవాళ్ళు సాంబ్రాణి పొగ కంటే ముందు ఆయన అరుపు వినేవారు. ఆయన మాత్రం తాను అరుస్తున్నానని ఒప్పుకోడు, వివరిస్తున్నానంటాడు.

అలా ఉండగా ఒక గురువారం, పొద్దు ఇంకా బాగా ఉండగానే, కుళ్లాయమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

కుళ్లాయమ్మకు ఒక అన్న, ఒక తమ్ముడు. అన్న గంగులప్ప, తమ్ముడు సుంకన్న. ఇద్దరి చీనీ, అదే బత్తాయి, తోటలకూ కలిపి ఒకే బోరు. కరెంటు వచ్చేది కాసేపే. ఆ కాసేపట్లో ముందు నీళ్ళు కట్టుకున్నవాడి చెట్లు తడుస్తాయి, వెనక కట్టుకున్నవాడికి పాదుల్లో బురద మిగులుతుంది. వీళ్ళు మీసాలు రాని రోజుల్లోనే దీని మీద కొట్టుకుంటే, తండ్రి ఇద్దరినీ చెవులు పట్టి తాత దగ్గరికి తెచ్చాడు. తాత ఏదో తీర్పు చెప్పాడు. ఏం చెప్పాడన్నదే ఇప్పటి తగువు. తాత తననే ముందన్నాడని గంగులప్ప అంటాడు. కాదు, తనను అన్నాడని సుంకన్న అంటాడు. విన్న తండ్రి ఇప్పుడు లేడు. ఊళ్ళో సగం మంది పెద్దవాడి వైపు, సగం మంది చిన్నవాడి వైపు. బోరు వేసిన రోజు అటువైపు తొంగి చూడనివాళ్ళు కూడా ఏదో ఒక వైపు ఉన్నారు.

ఇప్పుడు ఎండలు ముదిరాయి, చెట్లు వాడుతున్నాయి. ముందురోజు సుంకన్న మోటారు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తెల్లారేసరికి గంగులప్ప బోరు పక్కన రాళ్ళు కుప్ప పోశాడు.

"ఈరోజు ఫాతెహా చదివింపు అయినంక తాత మాట తేలకపోతే బోరులో రాళ్ళేస్తానంటాండాడన్నా" అంది కుళ్లాయమ్మ, రొప్పుతూ. "నాకు లేని నీళ్ళు వానికీ వద్దంటాండాడు. రాయి పడితే ఇంక ఆ బోరు లేదు. రెండు తోటలూ ఎండిపోతాయి. ఇద్దరినీ బతిమాలి ఈడికి పిల్చినా. ఆ మాట తీసి పెట్టన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"తాతను అడిగినావా?"

"అడిగినా. గుర్తు లేదన్నాడు."

నబిరసూల్ గుడ్డ తీశాడు, లాప్‌టాప్ తెరిచాడు. ఇలాంటి రోజు కోసమే కదా ఇన్నాళ్ళూ సర్దింది. నీళ్ళు అంటే లోకం. లోకంలో ప్రకృతి, ప్రకృతిలో నీళ్ళు. తెరిచాడు. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ గురించి, గంగానది గురించి, నీళ్ళ విరేచనాల గురించి ఉన్నాయి. బోరు లేదు. సరే, సంసారం, ఆస్తి, పంపకాలు. ఊరూరి అన్నదమ్ములు అందులో అరుస్తున్నారు కానీ గంగులప్ప, సుంకన్న లేరు. పోనీ, మనిషి, గుణాలు, చెడ్డ గుణాలు, కోపం. అది తెరిచి ఒకటి నొక్కగానే తాత పాత గొంతు గట్టిగా "రేయ్ నబీ, నీకు కోపం ఎక్కువరా" అంది. ఆ ఫోల్డరు చాలా పెద్దది. అందులో సగానికి సగం నబిరసూల్‌ను తిట్టినవే. గభాలున మూసేశాడు.

"ఏందన్నా అది?"

"నీది కాదులే."

ఇంకో నాలుగు చోట్ల చూశాడు. నుదుట చెమట పట్టింది. చెమట పట్టేకొద్దీ కోపం పెరిగింది. "సరిగ్గా చెప్పు! తగాదానా, ఆస్తా, న్యాయమా? ఏ విషయం కింద చెప్పినాడు?"

"నేనప్పుడు గౌను తొడుక్కున్న పిల్లనన్నా! నాకేం తెల్సు విషయాలు? ఆ దినం వాన..."

"వాన సంగతి నాకెందుకు? విషయం చెప్పు!"

కుళ్లాయమ్మ లేచి నిలబడింది. ఆమె కోపం వేరే రకం. నబిరసూల్‌ది కుండ పగిలినట్టు ఉంటుంది, ఆమెది కత్తి నూరినట్టు ఉంటుంది. "నాకర్థమయింది. సుంకన్న నీకు శనక్కాయల మూట తెచ్చిచ్చినాడంట గదా మొన్న. అందుకే దాచిపెట్టినావు."

"ఏమన్నావు?"

"దాచిపెట్టినావంటాండా. ఉండే మాటను లేకుండా చేసినావు. రేపు నా తోడబుట్టినోళ్ళు ఒకర్నొకరు నరుక్కుంటే, ఆ నెత్తురు నీ ఆకుపచ్చ గుడ్డ మీద పడతాది."

శనక్కాయలు వచ్చిన మాట నిజమే. సగం కాశింబీ వేయించింది, సగం మూట ఇంకా మంచం కిందే ఉంది. నబిరసూల్‌కు ఒళ్ళు మండిపోయింది. అబద్ధం చెబితే వచ్చే కోపం కంటే, సగం నిజం చెబితే వచ్చే కోపం ఎక్కువ.

నేరుగా తాత దగ్గరికి వెళ్ళాడు. తాత గొంతుకు మఫ్లరు చుట్టుకుని, గోడకు ఆనుకుని, బీడీ లేని వేళ్ళను బీడీ ఉన్నట్టు పట్టుకుని కూర్చున్నాడు.

"తాతా, ఈ జనానికి మీ మాట దక్కదు. నేను నెలల తరబడి కండ్లు పోగొట్టుకుని ఒక క్రమం పెట్టినా. పైన నాలుగు, వాటి కింద వాటివి. ఏ మాట యాడుండాల్నో ఆడనే ఉండాది. వీళ్ళేమో వాన అంటారు, దగ్గు అంటారు, పప్పు అంటారు. వీళ్ళకు అడగడం నేర్పల్ల ముందు. లేకపోతే ఆ పెట్టెను నేను ముట్టను, ఇప్పుడే చెప్తాండా."

తాత విన్నాడు. తల ఊపాడు. తరువాత మోకాళ్ళ మీద చేతులు వేసి లేచి, బయటికి నడిచాడు. ముసలాయన ఒంటికి పోతున్నాడనుకున్నాడు నబిరసూల్.

ఫాతెహా మొదలైంది. గురువారం కదా, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వచ్చారు. గంగులప్ప తూర్పు గోడకు, సుంకన్న పడమటి గోడకు కూర్చున్నారు. మధ్యలో కుళ్లాయమ్మ, ఏ గోడకూ ఆనుకోకుండా. చదివింపులు అయ్యాయి, చక్కెర పంచారు. చక్కెర రెండుసార్లు తీసుకునేవాళ్ళు రెండుసార్లు తీసుకున్నారు. నబిరసూల్ ముఖం చూసి, మాట దొరకలేదని అందరికీ తెలిసిపోయింది. గంగులప్ప తుండుగుడ్డ దులుపుకుని లేచాడు. "ఇంకేముంది. పోతాండా" అన్నాడు. రాళ్ళ దగ్గరికని అందరికీ తెలుసు. ఆ వెనకే సుంకన్న లేచాడు. ఆ ఇద్దరి వెనక తమాషా చూడటానికి జనమంతా లేచారు.

గుమ్మం దగ్గర అందరూ ఆగిపోయారు.

చెప్పులు లేవు. అంటే, ఉన్నాయి, విడిచినచోట లేవు. దర్గా ముందున్న ఖాళీ స్థలంలో చక్కగా కుప్పలు పెట్టి ఉన్నాయి. తోలువి ఒక పక్క, రబ్బరువి ఒక పక్క, టైరువి ఇంకో పక్క. తోలు వాటిలో ఆడవాళ్ళవి వేరు, మగవాళ్ళవి వేరు. వాటిలో మళ్ళీ పెద్దవి, చిన్నవి. అన్నిటికంటే దారుణం, ఎడమకాలివన్నీ ఒకచోట, కుడికాలివన్నీ ఒకచోట. ఎంత పద్ధతిగా ఉందంటే, ఎవరి చెప్పులు ఎవరికీ దొరకవు.

కిందేమో నేల కాలుతోంది, ఆ పైన పల్లేరుగాయలు.  అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ మాటలు దర్గా దగ్గర అనదగినవి కావు.

"ఎవడ్రా ఈ పని చేసింది?" నబిరసూల్ అందరికంటే గట్టిగా అరిచాడు. "ఎవనికి పుట్టినాడ్రా వాడు? ముందుకు రా, చేతులిరగ్గొడతా!"

వేపచెట్టు నీడలో కూర్చున్న పీరప్ప తాత చెయ్యి పైకెత్తాడు.

 నబిరసూల్ కాళ్ళు కాలుతున్నా మెల్లగా వెళ్ళి తాత ముందు వంగాడు. "ఏంది తాతా ఇది?"

తాత నోట్లోంచి గాలి వచ్చింది. "సర్దినా."

 నబిరసూల్ వెనక్కి తిరిగి తన చెప్పులు వెతకడానికి వెళ్ళాడు. ఆయనవి తోలువి, మగవాళ్ళవి, పెద్దవి. ఎడమది దొరికింది. కుడివాటి కుప్పలో చెయ్యి పెట్టాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇది కాదు, ఇదీ కాదు. పక్కన జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. కాలికి ఒక ముల్లు దిగింది.

అవతల కుప్ప దగ్గర ఎవరో అరిచారు. "నాది మేక కొరికింటాదప్పా! కొస లేకుండా ఉంటాది!"

"ఇదుగో, పట్టు!"

"మేకు కొట్టింటాది చూడు, వంకర మేకు!"

"పేడ తొక్కింది ఎవురిది? పేడ తొక్కింది?"

"నాదే, ఈ పక్కకు విసురు!"

చెప్పులు గాల్లో ఎగురుతున్నాయి. తిట్లు ఆగలేదు కానీ, తిట్లతో పాటు చెప్పులూ చేరాల్సిన కాళ్ళకు చేరుతున్నాయి. గంగులప్ప టైరు చెప్పుల కుప్పలోంచి ఒకటి తీశాడు, తిప్పి చూశాడు, తనది కాదు. పారేయబోయి ఆగాడు. దాని మడమ ఒక పక్కే అరిగి ఉంది. సుంకన్న చిన్నప్పుడు బండి మీద నుంచి పడ్డాడు. అప్పటి నుంచీ కుడికాలు కొంచెం ఈడుస్తాడు. గంగులప్ప ఆ చెప్పును తమ్ముడి ముఖం చూడకుండా, తమ్ముడి కాళ్ళ దగ్గరికి విసిరేశాడు. కోపంగానే విసిరాడు. సరిగ్గా కాళ్ళ దగ్గర పడింది.

నబిరసూల్ ఒంటికాలి మీద నిలబడి ఇదంతా చూశాడు. 

"నాది..." అన్నాడు. ఎవరికీ వినబడలేదు. గొంతు పెంచాడు. "నాది లోపల పక్క నీలం దారంతో కుట్టింటాది!"

"ఇదుగో రసూలన్నా!" అంటూ తలారి నరసప్ప విసిరాడు. వచ్చి ఛాతీకి తగిలింది.

నబిరసూల్ చెప్పు తొడుక్కోలేదు. చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తరువాత జనంలోంచి నెట్టుకుంటూ కుళ్లాయమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఆ దినం వాన అన్నావే. ఇంకా ఏం గుర్తుండాది నీకు? విషయం వద్దు. గుర్తుండేది చెప్పు."

కుళ్లాయమ్మ ముందు అనుమానంగా చూసింది. "వాన పడతా ఉండె. మా నాయన తుండుగుడ్డ పిండుకున్న్యాడు. ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు, ఒకటే డబడబమని చప్పుడు."

"రేకులు!" అన్నాడు నరసప్ప. "మట్టి మిద్దె కూలిపోయి, స్లాబు వేయకముందు రేకులుండె గదా దర్గాకు."

"అప్పుడు కోళ్ళు లోపలికొచ్చినాయి" అంది కాశింబీ. "కోడి అరిచింటాది చూడు. నేను రాసింటి, 'వాన, కోడి, ఇద్దరు కొట్లాడినారు' అని. నువ్వే చెరిపేస్తివి."

"కోడి కాదు, మేక" అన్నాడు ఎవడో.

"నువ్వు పుట్టినావారా అప్పటికి?"

వాళ్ళు కోడికీ మేకకూ కొట్టుకుంటూ ఉండగా నబిరసూల్‌కు గుర్తొచ్చింది. రేకుల మీద వాన. ఆ చప్పుడు ఆయన విన్నాడు. సర్దేటప్పుడు కొన్ని తెరిస్తే డబడబ తప్ప మాట అర్థం కాలేదు. ఏ విషయమో తెలియంది ఏ ఫోల్డరులో పెడతాడు? అలాంటివన్నీ తీసుకెళ్ళి విడిగా ఒకచోట పడేశాడు, తీరిక దొరికినప్పుడు చెరిపేద్దామని.

లాప్‌టాప్ తెచ్చి గుమ్మంలో, అందరి ముందూ పెట్టాడు. ఆ ఫోల్డరు తెరవాలంటే దాని పేరు అందరికీ కనబడుతుంది. ఇంకో దారి లేదు. తెరిచాడు.

"పనికిరానివి" అని చదివింది కాశింబీ. ఆమె చదివింది అయిదో తరగతే అయినా, ఆ మాట మాత్రం దూరం నుంచే కనబడింది. "ఏమప్పా రసూలూ! తాత మాటల్లో పనికొచ్చేవి, పనికిరానివి నువ్వు తేలుస్తివా? కచేరీలో కూడా ఇట్లనే తేల్చినావా?"

నరసప్ప ఎప్పుడూ ఎవరినీ ఏమీ అనడు. ఆ రోజు అన్నాడు. "నా నవ్వు గూడా దీంట్లోనే ఉండాదా అన్నా?"

  నబిరసూల్ మొదటిది నొక్కాడు. వాన, కానీ అందులో ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. కాదన్నారు. ఇంకొకటి నొక్కాడు. వాన, దగ్గు. కాదు. ఇంకొకటి. వాన, డబడబ, ఆ డబడబలో ఒక కోడి.

"చెప్పలా!" అంది కాశింబీ.

కోడి వెనకాల గొంతు పగులుతున్న ఇద్దరు పిల్లలు ఒకర్నొకరు తిట్టుకుంటున్నారు. గంగులప్ప తలెత్తాడు. సుంకన్న తల దించాడు. ఆ వెనక వాళ్ళ తండ్రి గొంతు. "మీరే చెప్పండి సామీ, ఈ ఎధవల్లో ఎవురు ముందు?"

తరువాత తాత గొంతు వచ్చింది. అసలు గొంతు, గడ్డ లేవకముందుది. వానను తోసుకుంటూ వచ్చింది. ఏడాదిగా ఆ గొంతును ఇంత నిండుగా, ఇందరి మధ్య ఎవరూ వినలేదు.  చెట్టు నీడలో కూర్చున్న తాత కూడా ఎవరో పరాయివాడు మాట్లాడుతున్నట్టు చెవి ఒగ్గి విన్నాడు.

"చూడండ్రా. పశువులొచ్చి నన్ను అడగలేవు. ముందు వాటికి పెట్టండి. మీ ఇద్దర్లో ఎవురు ముందో నాకు తెలీదు. తెలిసినోడు రేపొచ్చి నాకు చెప్పండి."

కాసేపు వాన.

"ఇద్దరూ రావద్దు. తెలిసినోడే రండి."

మళ్ళీ వాన. ఆ తరువాత రికార్డింగు అయిపోయింది.

"ఆ మర్నాడు తాత దగ్గరికి నువ్వు పోయినావా?" అని అడిగాడు గంగులప్ప, ఇన్నేళ్ళలో మొదటిసారి తమ్ముడి ముఖంలోకి చూస్తూ.

"లేదు. నువ్వు?"

"నువ్వు పోయింటావనుకుంటి."

"నేనూ నువ్వు పోయింటావనుకుంటి."

"దొంగనాకొడకా, అయితే నిన్ను ముందన్నాడని యాడ విన్న్యావురా?"

"నువ్వు యాడ విన్న్యావో నేనూ ఆడనే విన్న్యా."

కుళ్లాయమ్మ ఇద్దరి మధ్యకు వచ్చింది. ఆమె కత్తి ఇంకా ఒరలోకి పోలేదు. "మోటారుకు తాళమేసి, నిన్నటి నుంచి ఎద్దులకు నీళ్ళు లేవు. తెలుసా మీకు? నోరు లేని వాటికి నీళ్ళు లేవు. మీకు మాత్రం ముందు గావాల."

సుంకన్న మొలతాడు దగ్గర చాలాసేపు తడుముకున్నాడు. తాళంచెవి ముడి బిగుసుకుపోయి రాలేదు. పళ్ళతో కొరికి తీసి, ఎవరి చేతికీ ఇవ్వకుండా లాప్‌టాప్ పక్కన పడేశాడు. గంగులప్ప దాన్ని ముట్టుకోలేదు. కుళ్లాయమ్మ తీసుకుని కొంగున కట్టుకుంది.

"మరి రాళ్ళు?" అంది.

"రాళ్ళకేముంది, ఆడుంటాయి" అన్నాడు గంగులప్ప విసుగ్గా. "ముందు ఎద్దుల సంగతి చూడు, పో."

ఆమె పరుగెత్తింది, చెప్పులు కూడా వెతుక్కోకుండా. అన్నదమ్ములు మాత్రం కదల్లేదు. కూర్చున్నారు, ఒకే గోడకు. కలిసిపోయారని ఊళ్ళో ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ గోడకే నీడ ఉంది.

నబిరసూల్ కాలి ముల్లు తీసుకోలేదు, చెప్పులు తొడుక్కోలేదు. లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆ రికార్డింగుకు ఉన్న అంకెను చెరిపేశాడు. వేళ్ళు మీటల మీద పెట్టి తలెత్తాడు.

"చెప్పండప్పా, దీనికి ఏం పేరు పెట్టమంటారు? ఎవరికి ఏది గుర్తుంటే అది చెప్పండి. అన్నీ కొడతా."

"వాన దినం."

"రేకుల దర్గా."

"కోడి" అంది కాశింబీ. "పెద్ద అక్షరాలతో."

"చీనీ తోట బోరు."

"ఎద్దులకు ముందు."

ఆయన కొడుతూనే ఉన్నాడు. కొన్ని మాటలకు పళ్ళు కొరికాడు, కానీ కొట్టాడు. ఒకే రికార్డింగుకు అంత పొడుగు పేరు ఆ లాప్‌టాప్ అంతకుముందు చూసి ఉండదు. అన్నీ అయ్యాక, ఉద్యోగం చేసినవాడు కదా, అలవాటు చొప్పున అడిగాడు.

"మరి మీ ఇద్దరి పేర్లు గూడా పెట్టల్ల గదా. ఎవరి పేరు ముందు కొట్టమంటారు?"

గంగులప్ప చటుక్కున లేచాడు. "ముందు ఎవురిదేందప్పా? పెద్దోణ్ణి నేను గదా!"

సుంకన్న కూడా లేచాడు. "తాళంచెవి ఇచ్చింది నేను! ముందు నాది!"

"నీది ముందా? నీ..."

ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. జనం మళ్ళీ రెండు భాగాలయ్యారు, సగం అటు, సగం ఇటు. నబిరసూల్‌కు కోపం నెత్తికెక్కింది. ఎవరి మీద అరవాలో తెలియక, అరవడానికి నోరు మాత్రం తెరిచాడు.

పీరప్ప తాత చెట్టు నీడలోంచి లేచి వచ్చాడు. అందరి మధ్యలోంచి వంగి, నబిరసూల్ భుజం మీదుగా చెయ్యి చాచి, ఇందాక ఆ మాట వినిపించిన మీటను ఒక వేలితో నొక్కాడు.

రేకుల మీద వాన పడింది.